కొంటే పెద్దదే కొనాలట!

"కొనేదెలాగూ కొంటున్నావు, ఇంకో రెండు లక్షలు పడేసి పెద్ద బండే తీసుకో బావా. చిన్నది బొమ్మ. రేపు పనికి చాలదు."

యానాంలోనైనా, ఇటు తాళ్ళరేవులోనైనా, బాలయోగి వారధి దాటి ఎదుర్లంక, మురమళ్ళ వెళ్ళినా, మొదటిసారి ట్రాక్టరు కొనబోయేవాడికి పైసా ఖర్చులేకుండా దొరికే సలహా ఇదే. టీకొట్టు దగ్గర చెబుతారు, షోరూములో చెబుతారు. స్టీరింగు ఏనాడూ పట్టని బావమరిది అందరికన్నా గట్టిగా చెబుతాడు. వినడానికి అనుభవంలో పండిన మాటలా ఉంటుంది గానీ, యానాం నేల మీద, యానాం కమతం మీద పెట్టి చూస్తే నిలబడదు.

ఎందుకు నిలబడదో ముందే చెప్పేస్తాను. పెద్ద ట్రాక్టరు ఊళ్ళో కిరాయికి దొరుకుతుంది. ఫోన్ చేస్తే రోటావేటరు తగిలించుకుని వస్తుంది, దమ్ముకు వస్తుంది, మట్టి తోలడానికి ట్రక్కుతో వస్తుంది. కొబ్బరిచెట్ల మధ్య, అరటి పిలకల పక్కనుంచి, కంద వరసల్లోంచి దూరి పనిచేసే సన్నబండిని పిలిచి చూడండి. రాదు. చుట్టుపక్కల ఉంటేగా రావడానికి! డబ్బుపోసి ఇంట్లో పెట్టుకోవలసింది పిలిస్తే వచ్చేదాన్నా, పిలిచినా రానిదాన్నా?

ఎవరి సంగతి మాట్లాడుతున్నామో కూడా తేల్చుకోవాలి. యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. అందులో ఊరు, లేఔట్లు, చెరువులు పోను మిగిలిన సాగు ఏ ఒక్కరి చేతిలోనూ పెద్ద చెక్కగా లేదు. పుదుచ్చేరి రికార్డుల్లో భూమి హెక్టార్లలో, ఆర్లలో ఉంటుంది, రైతు నోట ఎకరాల్లో, సెంట్లలో ఉంటుంది. ఏ లెక్కన చూసినా మనవాడి కమతం తీరు ఒకటే. మెరకన కొంత కొబ్బరి తోట, అందులో అంతరపంటగా అరటో కందో కోకోనో, పక్కన పల్లంలో కొంచెం వరి, ఆపైన దూరాన ఉద్యోగానికి వెళ్ళిపోయిన బంధువుల తోట ఒకటో రెండో కౌలుకి. ట్రాక్టరు కొందామన్న ఆలోచన వచ్చేది ఇలాంటి కుటుంబానికే. ముప్పై ఎకరాల వరిరైతుకు చెప్పాల్సిన సలహాను తెచ్చి ఈయన నెత్తిన పెడితే ఎలా?

హార్స్‌పవర్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే పెద్ద బండి వాదానికి పునాది అదే. 'ఎన్ని హెచ్‌పీ?' అన్నది మనవాళ్ళు పెళ్ళికొడుకు జీతం అడిగినట్టు అడిగే ప్రశ్న. ఇంజను దగ్గర పుట్టే శక్తి ఒకటి, వెనకాల తిరిగే పీటీఓ షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి మిగిలే శక్తి ఇంకొకటి. మామూలుగా నూటికి ఎనభై, ఎనభై అయిదు పాళ్ళు మాత్రమే అక్కడికి చేరుతుంది. రోటావేటరు తిప్పేది ఈ మిగిలిందే. కేంద్రం 2014-15లో తెచ్చిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కూడా ట్రాక్టర్లను పీటీఓ శక్తిని బట్టే తరగతులుగా విడగొట్టింది. ప్రభుత్వం కాగితం మీద గుర్తించిన ఈ తేడాను టీకొట్టు ఇంకా గుర్తించలేదు. బానెట్ మీద పెద్దక్షరాలతో ఉండే 475, 575, 744 హార్స్‌పవర్లు కావు, మోడళ్ళ పేర్లు. ఇది తెలియనివాళ్ళు కూడా సలహాలిచ్చేవాళ్ళలో ఉన్నారు. ఇంకో సంగతి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అనే కఠినమైన పొగ నిబంధన వచ్చింది. దాని ఖర్చు తప్పించుకోవడానికి చాలా మోడళ్ళు 49 దగ్గరే ఆగిపోయాయి. మీకు గొప్పగా చెప్పే ఆ అంకె మీ తోటను చూసి పెట్టింది కాదు, నిబంధనను చూసి పెట్టింది.

'బరువుంటేనే బలం' అన్నది ఇంకో సిద్ధాంతం. ఇది ఎనభై తొంభై ఏళ్ళ కిందటే ఓడిపోయింది. అంతకుముందు ట్రాక్టరు అంటే నిజంగానే ఇనుప గుట్ట, నాగలిని వెనకాల బండిలా ఈడ్చుకుపోయేది. ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ అలా ఈడ్వకుండా, మూడు చోట్ల పట్టి ఉంచే హైడ్రాలిక్ లిఫ్టుతో నాగలిని బండికే అతికించాడు. 1936లో ఆ పద్ధతితో ట్రాక్టరు అమ్మకానికి వచ్చింది. దుక్కిలో నాగలి మీద పడే ఒత్తిడే వెనక చక్రాలను నేలకు నొక్కిపెడుతుంది కాబట్టి బండి బరువును పెంచి పట్టు తెచ్చుకోవలసిన పని తప్పింది. 1946లో వచ్చిన ఆయన టీఈ-20 పేరులోని 20 సుమారుగా దాని హార్స్‌పవరే. బరువు టన్ను చిల్లర. ఇంగ్లండులోని కోవెంట్రీలో అలాంటివి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి, ఐరోపాలో ఎన్నో చిన్న కమతాల దుక్కి వాటితోనే నడిచింది. మన పొలాల్లో తిరిగే ఎర్ర మాసీ ఫెర్గూసన్ పేరులో సగం ఆయనదే. ఆ మాసీ మీద కూర్చునే 'ఇరవై హెచ్‌పీ ఏమిటి, బొమ్మ' అంటున్నారు!

సరే, తోటలోకి వెళదాం. కొబ్బరిని ఎనిమిది మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి అరవై పైచిలుకు చెట్లు పడతాయి. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపలే ఉంటాయి. పాదు చేసేది, ఎరువు వేసేది అక్కడే. ఆ రెండు మీటర్లలో రోటావేటరు పళ్ళు దిగకూడదు. రెండు వరసల మధ్య ఎనిమిది మీటర్లలో రెండు వైపులా రెండేసి తీసేస్తే దున్నుకోవడానికి మిగిలేది నాలుగు మీటర్ల పట్టీ. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పట్టీ ఖాళీగా ఉంటే ఆరడుగుల రోటావేటరున్న పెద్ద బండి కూడా రెండు సాళ్ళలో దున్నేసి పోతుంది. అయితే ఖాళీగా ఉంచేదెవరు? నడుమ ఒక వరస కోకో పెట్టిన క్షణంలో ఆ పట్టీ రెండు ముక్కలవుతుంది. పాదు అంచునుంచి కోకో మొదలు దాకా రెండు మీటర్లు, అందులో కోకో కొమ్మలు సగం ఆక్రమిస్తాయి. అరటి ఉంటే పిలకలు తమకు నచ్చినచోట లేస్తాయి. పాత తోటల్లో ఎనిమిది మీటర్ల లెక్కే ఉండదు, తాతగారు ఎక్కడ గొయ్యి తీస్తే అక్కడే చెట్టు. ఇక్కడ పనికొచ్చేది మీటరు చిల్లర వెడల్పున్న బండి, నాలుగడుగుల రోటావేటరు.

సాలు చివర ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరుండి చూడండి. కిరాయికి వచ్చిన డ్రైవరుకు గంట లెక్క. దడి దగ్గరికి రాగానే లిఫ్టు ఎత్తుతాడు, ఒకవైపు బ్రేకు తొక్కి తిప్పుతాడు. బండి తిరుగుతుంది గానీ, వెనకాల గాలిలో వేలాడుతున్న రోటావేటరు కూడా తోకలా వెడల్పుగా తిరుగుతుంది. దాని పక్క రేకు అంచు చెట్టు మొదట్లో తగులుతుంది. పెద్ద చప్పుడేం కాదు, 'టప్' మంటుంది. అరచెయ్యంత మేర బెరడు లేచిపోతుంది. డ్రైవరు వెనక్కి తిరిగి కూడా చూడడు, చెట్టు పడిపోలేదు కదా. ఆ గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెట్టేది. లోపల పిల్లపురుగు కాండం గుజ్జు తింటూ ఉంటే బయటికి చాలాకాలం ఏమీ కనిపించదు. మొవ్వు వాలాక తెలిసినా చేసేదేం ఉండదు. కాండం మీద గాయాల్లోంచే బంక కారు తెగులు కూడా లోపలికి పోతుంది. గంట కిరాయిలో మిగిలిన డబ్బును, పాతికేళ్ళుగా కాపు కాస్తున్న చెట్టు ఖరీదును పక్కపక్కన రాసుకోండి.

దీనికి తోడు మట్టి. కిరాయి బండి పొద్దున్న ఒక తోటలో, మధ్యాహ్నం మన తోటలో. రోటావేటరు పళ్ళకు, టైర్ల గాళ్ళకు అంటుకున్న మట్టి దానితోనే ప్రయాణం చేస్తుంది. కోనసీమ కొబ్బరిని పట్టి పీడించే గానోడెర్మా తెగులు నేలలో ఉండే శిలీంధ్రం, వేళ్ళ నుంచి వేళ్ళకు పాకుతుంది. తెగులు సోకిన చెట్ల మధ్య దున్నొద్దని, చుట్టూ కందకం తవ్వి వేరు చెయ్యమని అనేది అందుకే. అంబాజీపేటలో కొబ్బరి కోసమే పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి అడగవచ్చు. సొంత సన్నబండి సొంత తోట దాటి పోదు. హార్స్‌పవర్ లెక్కల్లో ఎక్కడా కనిపించని లాభం ఇది.

"మరి పల్లం సంగతేమిటి? దమ్ము నీ బొమ్మ చేస్తుందా?" అని అడుగుతారు. పెద్ద బండి వాదానికి ఉన్న గట్టి ప్రశ్న ఇదే. నా సమాధానం: చెయ్యదు. యానాం పల్లం డెల్టా ఒండ్రు, జిగురు నేల, కాలవల చివర శివారు భూమి. నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, వచ్చాక నిలిచిపోతాయి. మోకాలి లోతు దిగబడే మళ్ళలో ఆరేడు వందల కిలోల బండిని దింపితే అది దమ్ము చెయ్యదు, దానికే దమ్ము అవుతుంది. ఈ విషయంలో చిన్న ట్రాక్టర్లు అమ్మేవాళ్ళు చెప్పేది కూడా నమ్మకండి. 'జపానులో వరి అంతా ఇరవై ముప్పై హెచ్‌పీ బళ్ళతోనే కదండీ' అంటారు. జపాను మడికి అడుగున గట్టి పొర ఉంటుంది, మురుగు పోయే ఏర్పాటు ఉంటుంది, పొడిలో దున్నుకుని తర్వాత నీళ్ళు పెట్టి పైపైన కలియబెడతారు. మన శివారు పల్లం ఆ పరీక్షకు కూర్చునే నేల కాదు. కాబట్టి దమ్ముకు పెద్ద బండి కావాలి, దమ్ము చక్రాలు కావాలి. కావాలన్నంత మాత్రాన కొనాలని ఎక్కడుంది? వరికోతకు చైన్ మిషను కావాలి, దాన్నెవరూ కొనమనరేం? ఏడాదికి రెండు పంటలకు కలిపి కొద్ది గంటల పని. ఆ కొద్ది గంటలకు కిరాయి ఇచ్చి పంపించెయ్యడంలో నామోషీ లేదు.

ఇక్కడే ఇంకో ఎర వేస్తారు. "నీ పని అయ్యాక పదిమందికీ దమ్ము చేస్తే బండి కిస్తీ అదే కట్టుకుంటుంది." వినసొంపుగా ఉంది. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్ళు వదులుతారు. అవి శివారుకు చేరేసరికి ఊరంతటికీ ఒకేసారి దమ్ము కావాలి. మీకు కావలసిన రోజే మీ పక్కవాడికీ కావాలి. ఆ రోజుల్లో పదేళ్ళనుంచి అదే పనిమీదున్న బళ్ళు, ఆ డ్రైవర్లు, వాళ్ళ ఖాతాదార్లు అప్పటికే సిద్ధంగా ఉంటారు. కొత్తగా దిగిన మీకు మిగిలేది ఎవరూ వెళ్ళని లోతు మడి, డబ్బులు పంటకు ఇస్తానన్న చుట్టం. దమ్ము చక్రాలతో తారురోడ్డు ఎక్కితే రోడ్డు పోతుంది, కేసవుతుంది. పొలం పొలానికీ విప్పి బిగించుకుంటే సగం పూట పోతుంది. సీజను అయిపోయాక ఇసుక, మట్టి తోలుదామంటే వ్యవసాయానికని రాయించుకున్న బీమా ఆ పనిలో ప్రమాదం జరిగినప్పుడు మొండికేస్తుంది. ట్రాక్టరు కిరాయి తోలడం నిజమైన వ్యాపారమే, కాదనను. అది చేద్దామనుకున్నవాడు ఆ వ్యాపారానికి తగ్గ బండి కొంటాడు. సొంత తోటకు కొంటున్నానని చెప్పుకుంటూ వ్యాపారం బండి కొంటే, బండి కోసం యజమాని పని వెతుక్కోవాలి.

విదేశీ సలహా సంగతి కూడా కాస్త చూడాలి. యానాంలో ఫ్రాన్సు బంధువులున్న ఇళ్ళున్నాయి, అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు గోదావరి జిల్లాల్లో సరేసరి. అక్కడివాళ్ళు ఫోన్లో 'ముందుకు లోడరు ఉండాలి, గేర్లు లేని హైడ్రోస్టాటిక్ ఉండాలి' అంటారు. అక్కడ చిన్న ట్రాక్టరు చేసే పని వేరు: గడ్డి కోస్తుంది, మంచు తోస్తుంది, ఎరువు గుట్టను ఈ మూలనుంచి ఆ మూలకు మారుస్తుంది. మనకు మంచు లేదు. ఆరేడు వందల కిలోల సన్నబండి ముందు లోడరు తగిలించి తడిమట్టి ఎత్తితే వెనక చక్రాలు తేలిపోతాయి. గట్టు మీద ఆ పని చేస్తే బండి కాలవలో ఉంటుంది, మనిషి దాని కింద ఉంటాడు. సన్నబండికున్న నిజమైన లోపం ఇదే. వెడల్పు తగ్గినకొద్దీ పక్కకు పడిపోయే గుణం పెరుగుతుంది. ఏటిగట్టు వాలు మీద అడ్డంగా తోలకూడదు. సీటు వెనకాల ఇనుప కమాను లేని బండి చవగ్గా వచ్చినా తీసుకోకూడదు. పొట్టిగా ఉండాలని ఆ కమాను విప్పేసి తోటలోకి వెళ్ళేవాళ్ళున్నారు. మడిచే కమాను ఉన్న మోడళ్ళున్నాయి, అవి తీసుకోవాలి.

యానాం ప్రత్యేకత పేరుతో తిరిగే అబద్ధాలు మరో రెండు. ఒకటి: 'యానాంలో కొంటే పన్ను తక్కువ, బండి చవక.' ఇది అమ్మకం పన్ను రోజుల మాట. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక కాకినాడలో కొన్నా యానాంలో కొన్నా బండి మీద పన్ను ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద అది 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఎక్కడివాళ్ళకైనా అంతే. యానాం వాళ్ళకు నిజంగా మిగిలిన లాభం డీజిలు. ఆంధ్రా బళ్ళు వచ్చి మన బంకుల దగ్గర వరస కట్టడమే దానికి సాక్ష్యం. రెండోది: పక్కూరి సబ్సిడీ. తాళ్ళరేవు రైతుకు వచ్చే ఆంధ్రప్రదేశ్ పథకం పీవై-04 నంబరు బండికి రాదు, మనం అడగవలసింది పుదుచ్చేరి వ్యవసాయ శాఖను. కేంద్ర పథకం కింద సన్న, చిన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 50 శాతం దాకా, మిగతావాళ్ళకు 40 శాతం దాకా సాయం ఉంది, ప్రతి తరగతికీ గరిష్ఠ పరిమితి ఉంది. ఏ ఏడాది ఎంతమందికి ఇస్తారన్నది నిధుల్ని బట్టి. అడగడం తప్పు కాదు. సబ్సిడీ జాబితాలో ఉంది కదా అని తోటకు పట్టని బండిని తెచ్చుకోవడం తప్పు.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు మారుతుంటాయి కాబట్టి అంకెల్ని కాకుండా పద్ధతిని పట్టుకోండి. సన్నబండి, రోటావేటరు కలిపి ఆరు లక్షలనుకుందాం. పదేళ్ళకు రెండు లక్షలకు అమ్ముడుపోతే ఏడాదికి తరుగు 40 వేలు. ఆ పదేళ్ళలో సగటున ఇరుక్కున్న సొమ్ము నాలుగు లక్షలు, తొమ్మిది శాతం వడ్డీ చొప్పున 36 వేలు. బీమా, నూనె మార్పిడి, టైర్లు, మరమ్మతులు 24 వేలు. వెరసి ఏడాదికి లక్ష, ఇంకా చుక్క డీజిలు పోయకుండానే. పెద్ద బండి, దాని ఆరడుగుల రోటావేటరు తొమ్మిదిన్నర లక్షలనుకుని ఇదే దారిలో వెళితే, పదేళ్ళకు నాలుగు లక్షలు తిరిగొచ్చినా ఏడాది ఖర్చు లక్షన్నర దాకా తేలుతుంది. రోటావేటరు మీద సన్నబండి గంటకు రెండు లీటర్ల చిల్లర తాగితే పెద్దది అయిదు లీటర్లు దాటుతుంది. "పాతది అమ్మితే పెద్దదానికే రేటు" అంటారు. నిజమే. ఎక్కువ పెట్టాం కనక ఎక్కువ వస్తుంది, పోయింది కూడా ఎక్కువే.

అసలు గుచ్చుకునే ప్రశ్న గంటలు. నాలుగడుగుల రోటావేటరుతో ఎకరం తోట దున్నడానికి మహా అయితే రెండు గంటలు. రెండెకరాల తోటకు ఏడాదికి మూడుసార్లు తిప్పినా పన్నెండు గంటలు. లక్ష రూపాయల్ని పన్నెండుతో భాగించండి, తల తిరుగుతుంది. అందుకే రెండెకరాలు మాత్రమే ఉన్నవాడికి పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు అంటాను. గడ్డి కోసే మిషను, తెలిసిన డ్రైవరు, తోటలో తాను దగ్గరుండి కాపలా కాసే ఓపిక ఉంటే సరిపోతుంది. లేదా ముగ్గురు నలుగురు అన్నదమ్ముల తోటలు కలిపి ఒక పవర్ టిల్లరు. సొంతమూ కౌలూ కలిపి అయిదారెకరాల తోట ఉండి, అరటి, కంద లాంటి అంతరపంటలుండి, దింపు తీశాక కాయలు పుంత దాకా మోసుకురావడం, డొక్కలూ మట్టలూ తరలించడం, మందు కొట్టడం, పంపు తిప్పడం అన్నీ అదే బండితో చేయించుకోగలిగితే ఏడాదికి నూటయాభై, రెండొందల గంటలు వస్తాయి. అప్పుడు గంట ఖర్చు అయిదొందలకు, ఏడొందలకు దిగుతుంది. అక్కడినుంచి సన్నబండి మాట ఆలోచించవచ్చు. పెద్ద బండికి ఇదే తోటలో అన్ని గంటలు రావు, కాయలు మొయ్యడానికి చెట్ల మధ్యకు అది రాలేదు కాబట్టి.

సన్నబండ్లలో ఏది అంటే, ఒక పేరు చెప్పి చేతులు దులుపుకోను. 20 నుంచి 25 హెచ్‌పీ లోపల మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్ లాంటివి ఉన్నాయి. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆవిష్కరించిన మహీంద్రా ఓజా బళ్ళు తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే, వాటిలో చిన్నవి 21 హెచ్‌పీ నుంచి మొదలవుతాయి. పేరుకన్నా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. మెరక కూడా వానాకాలంలో చిత్తడే కాబట్టి తేలికబండికి నాలుగు చక్రాలూ లాగాలి, ఇందులో రాజీ వద్దు. పదిహేను హెచ్‌పీ రెండు చక్రాల బండి వేసవిలో ముచ్చటగా ఉండి శ్రావణంలో కూరుకుపోతుంది. పొగగొట్టం పైకి లేచి ఉంటే కోకో కొమ్మల్ని విరుస్తుంది, ఆకుల్ని మాడుస్తుంది. కిందకో పక్కకో మళ్ళించింది కావాలి. లిఫ్టు ఎంత ఎత్తుతుందో అడగాలి. ఈ తరగతి బళ్ళలో ఏడెనిమిది వందల కిలోల దగ్గర ఉంటుంది, మందు ట్యాంకు నిండుగా పోసి తగిలించాక అది చాలాలి. విడిభాగాలు కాకినాడలో దొరుకుతాయా, చెన్నైనుంచి రావాలా? ప్రతి మోడలుకూ ప్రభుత్వ పరీక్ష నివేదిక ఉంటుంది, పీటీఓ శక్తి, డీజిలు వాడకం అందులో ఉంటాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రం ఈ పనికి పేరు మోసింది. యంత్రం తోలడం, బాగుచేసుకోవడం నేర్చుకోవాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. ఇంత డబ్బు పెట్టేవాడు అక్కడ కొన్నాళ్ళు కూర్చుంటే నష్టం లేదు.

పాతబండి చూసేవాళ్ళకు ఒక జాగ్రత్త. 2022 జూలైలో గోదావరి యానాం వీధుల్లోకి వచ్చింది. అప్పుడు మునిగినవి ఎన్నో చేతులు మారి ఉంటాయి. గేరుబాక్సు మర విప్పించి నూనె చూడండి, తెల్లగా నురగలా ఉంటే నీళ్ళు కలిసినట్టే. రంగు కొత్తగా ఉందని మురిసిపోకుండా కింద పడుకుని బోల్టుల తలలు చూడండి, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసిన బండి ఉప్పుకు తిన్న తుప్పు అక్కడ దాగదు.

ఇంతా విని 'అయినా పెద్దదే' అనేవాళ్ళను ఆపలేం. ఆపక్కర్లేదు కూడా, వాళ్ళు కొంటేనే మనకు దమ్ముకు కిరాయి బండి దొరుకుతుంది. మిగిలినవాళ్ళు షోరూములో సంతకం పెట్టేముందు ఒక పని చెయ్యండి. ఒక మంచి వాన పడ్డ మర్నాడు, బండిని రోటావేటరుతో సహా మీ తోటలోకే తెప్పించండి. ట్యాంకు నిండుగా పోయించి, మీ తోటలో అన్నిటికన్నా ఇరుకైన వరసలో గంటసేపు మీరే తోలండి. సాలు చివర చెట్టుకు తగలకుండా తిరుగుతుందో లేదో చూసి, దిగాక మళ్ళీ ట్యాంకు నింపి ఎంత పట్టిందో రాసుకోండి. డెమోకి తోట దాకా రానన్న డీలరుతో బేరం అక్కడే ఆపెయ్యండి, కాకినాడలో ఇంకో షోరూము ఉంటుంది.